స్కూల్లో కొత్తగా చేరే బాబుకి గిఫ్ట్ కొంటున్నారా? ఇలా సెలెక్ట్ చేస్కోండి

మన రెండు రాష్ట్రాల్లో మామూలుగా జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు కాబట్టి మే నెల వచ్చిందంటే ఈ హడావిడి మొదలు. అక్క కొడుకు ఎల్‌కేజీలో చేరుతున్నాడు, పై ఫ్లోర్ వాళ్ల బాబు నర్సరీకి వెళ్తున్నాడు, ఆఫీసులో ఒకాయన కొడుకు ఒకటో క్లాసుకి వచ్చాడు, ఉత్తి చేతుల్తో వెళ్లలేం కదా. సరే అని షాపుకి వెళ్లి "నాలుగేళ్ల బాబుకి ఏదైనా ఇవ్వండి" అంటాం, షాపతను కార్టూన్ బొమ్మ ఉన్న బ్యాగో, బటన్ నొక్కితే షార్ప్‌నర్ బయటికి దూకే పెన్సిల్ బాక్సో, రిమోట్ కారో చేతిలో పెడతాడు, మనం ప్యాకింగ్ చేయించుకుని వచ్చేస్తాం. అక్కడికి వెళ్తే అచ్చం అలాంటివే ఇంకో మూడు సోఫా మీద ఉంటాయి.

డబ్బులు ఎంత పెట్టాలన్నది మీ ఇష్టం గానీ, నేను పాటించే రూలు మాత్రం ఒకటే. ఆ వస్తువుని పిల్లాడు వాడంతట వాడు తెరవగలగాలి, వాడుకోగలగాలి, మళ్లీ మూసి బ్యాగులో పెట్టుకోగలగాలి. క్లాసులో ముప్పై నలభై మంది పిల్లలుంటారు, ఒక టీచరు, ఉంటే ఒక ఆయా. మూత రాని డబ్బా పట్టుకుని ఎవరు పిలుస్తారా అని కూర్చునే పిల్లాడికి ఆ డబ్బా ఎంత ఖరీదైందైతే ఏంటి. ఇంట్లో అన్నీ అమ్మే తీసిస్తుంది కాబట్టి ఈ సంగతి మనకి తట్టదు.

ముందు ఫోన్ చేయండి

సర్‌ప్రైజ్ పోతుందేమో అని అడగడం మానేయకండి, సర్‌ప్రైజ్ పిల్లాడికి, వాళ్లమ్మకి కాదు. కాకపోతే అడిగే పద్ధతి ఉంది. "వాడికి ఏం కావాలి అక్కా" అంటే వంద శాతం "ఏం వద్దులేరా, నువ్వొస్తే చాలు" అనే అంటుంది. అలా కాకుండా ఒక్కొక్కటే అడగండి, బ్యాగ్ కొన్నారా, లంచ్ బాక్స్ కొన్నారా, బాటిల్ ఉందా, రెయిన్ కోటు సంగతేంటి, షూస్ సైజెంత అని. కొననిది ఏదో అక్కడే తేలిపోతుంది.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న, ఏ స్కూలు. చాలా ప్రైవేట్ స్కూళ్లు బుక్స్, నోట్‌బుక్స్, టై, బెల్ట్ అన్నీ వాళ్ల దగ్గరే కొనమంటాయి, కొన్ని బ్యాగ్ కూడా వాళ్లదే ఉండాలంటాయి. గవర్నమెంట్ స్కూల్లో ఒకటో క్లాసు అయితే ఏపీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టులో బ్యాగ్, షూస్, సాక్సులు, బెల్ట్, యూనిఫాం బట్ట, పుస్తకాలు అన్నీ వచ్చేస్తాయి, తెలంగాణలో కూడా యూనిఫాం, టెక్స్ట్‌బుక్స్ ఫ్రీగానే ఇస్తారు. మధ్యాహ్నం భోజనం స్కూల్లోనే పెడతారు కాబట్టి పెద్ద క్యారియర్ అవసరం కూడా ఉండదు. ఆ బాబుకి మీరు ఇంకో బ్యాగ్ ఇస్తే అది అటక మీదకే వెళ్తుంది, అదే డబ్బుతో రెయిన్ కోటో కథల పుస్తకాలో కొంటే రోజూ పనికొస్తాయి. అంగన్‌వాడీకి వెళ్లే మూడేళ్ల వాడికైతే చిన్న నీళ్ల బాటిల్, రంగులు, ఒక పుస్తకం, ఇంతే, అంతకంటే మోసుకెళ్లేదేమీ ఉండదు అక్కడికి.

అదే ఫోన్లో ఇంకో రెండు కూడా కనుక్కోండి. వాడు ఏ చేత్తో తింటున్నాడు, ఏ చేత్తో గీస్తున్నాడు అనేది ఒకటి, ఎందుకంటే ఎడమ చేతి పిల్లలకి మామూలు కత్తెర సరిగ్గా తెగదు, వాళ్లకి విడిగా దొరుకుతాయి. రెండోది వాడికి ఇప్పుడు దేని మీద పిచ్చి ఉందో. జేసీబీయా, బస్సా, డైనోసరా, పోలీసా. మా వైపు పిల్లల్లో పదిమందిలో ఏడుగురు జేసీబీ బ్యాచే, రోడ్డు తవ్వుతుంటే అక్కడే గంటసేపు నిలబడిపోతారు.

అక్షరాభ్యాసమా, స్కూల్ మొదటి రోజా

ఈ రెండిటికీ గిఫ్ట్ ఒకటి కాదు. వసంత పంచమికి బాసరలోనో, వర్గల్‌లోనో, దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంట్లోనో అక్షరాభ్యాసం చేస్తారు, అక్కడికి వచ్చిన వాళ్లందరూ పలకా బలపమే తెస్తారు. తల్లిదండ్రులు కూడా వచ్చిన పిల్లలకి పలకలు, బలపాలు పంచుతారు. ఇంక మీ పలక ఎన్నోదో మీరే ఊహించుకోండి. ముందే ఫోన్ చేసి "పంచడానికి పలకలు నేను తెస్తాను" అని చెప్పేయండి, వాళ్లకి ఒక పని తగ్గుతుంది, మీది అందరికీ గుర్తుండే గిఫ్ట్ అవుతుంది. హైదరాబాద్‌లో అయితే బేగంబజార్‌లో, విజయవాడలో వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌గా తీసుకుంటే చవగ్గా పడతాయి. రేకు అంచు ఉన్న పలకలు కాకుండా చెక్క ఫ్రేమో ప్లాస్టిక్ ఫ్రేమో తీసుకోండి, రేకు మూలలు చేతులు కోస్తాయి.

అన్నట్టు బలపాల గురించి ఒక మాట, కొందరు పిల్లలు బలపాలు కొరుక్కు తింటుంటారు. అందరూ నవ్వేసి వదిలేస్తారు గానీ అది అలవాటుగా ఉంటే డాక్టర్‌కి చూపించాలి, ఒంట్లో ఐరన్ తక్కువైన పిల్లలు మట్టి, సుద్ద, బలపం లాంటివి తినడం మామూలే. అలాంటి బాబుకి చాక్‌పీసుల డబ్బా గిఫ్ట్ ఇవ్వకండి మరి.

స్కూల్ కోసం ఇచ్చే గిఫ్ట్ మాత్రం స్కూల్ తెరిచే రోజు కాదు, కనీసం పది రోజుల ముందు ఇవ్వండి. ఎందుకో చివర్లో చెప్తాను.

బ్యాగ్ కొనాలనుకుంటే

అందరూ మొదట కొనేది ఇదే, ఎక్కువగా తప్పు సైజు కొనేదీ ఇదే. "ఎదిగే పిల్లాడు కదా, రెండు మూడేళ్లు వస్తుంది" అని పెద్దది తీస్తారు, అది మోకాళ్ల దాకా వేలాడుతుంటుంది, వెనకనించి చూస్తే బ్యాగే నడిచి వెళ్తున్నట్టు ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం 2020లో స్కూల్ బ్యాగ్ పాలసీ ఇచ్చింది. అందులో బ్యాగ్ బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదన్నారు, ప్రీ ప్రైమరీ వాళ్లకి అసలు బ్యాగే వద్దన్నారు, ఒకటి, రెండు క్లాసుల వాళ్లకి 1.6 నుంచి 2.2 కిలోల లోపు ఉండాలన్నారు. మన స్కూళ్లలో ఎల్‌కేజీకి కూడా బ్యాగ్ తప్పడం లేదు, అది వేరే సంగతి, కానీ ఆ లెక్క మాత్రం మనకి పనికొస్తుంది. బాబు 16 కిలోలున్నాడనుకోండి, మోయగలిగేది 1.6 కిలోలు. అర లీటర్ నీళ్లే అర కిలో, అన్నంతో కలిపి టిఫిన్ బాక్స్ ఇంకో అర కిలో, ఖాళీ బ్యాగే 700 గ్రాములుంటే లెక్క అక్కడికే దాటిపోయింది, ఇంకా ఒక్క పుస్తకం కూడా పెట్టలేదు. అందుకే ఖాళీ బ్యాగ్ 400 గ్రాముల లోపు ఉండేలా చూడండి. ఆన్‌లైన్లో అయితే వివరాల్లో బరువు రాసి ఉంటుంది, షాపులో అయితే చిటికెన వేలితో ఎత్తి చూడండి, వేలు లాగుతుంటే వద్దు. త్రీడీ బొమ్మలు ఉబ్బెత్తుగా ఉండి డొప్పలా గట్టిగా ఉండే బ్యాగులు చూడ్డానికి ముద్దొస్తాయి, బరువు ఎక్కువ, పుస్తకం పట్టదు.

సైజుకి సింపుల్ పద్ధతి, వాళ్లమ్మని టేపుతో బాబు భుజం నుంచి నడుం దాకా కొలిచి చెప్పమనండి, బ్యాగ్ ఎత్తు అంతకి మించకూడదు, వెడల్పు భుజాలు దాటకూడదు. నర్సరీ, ఎల్‌కేజీకి 12 నుంచి 14 అంగుళాలది చాలు. అయితే స్కూల్ డైరీ ఎంత ఉందో అడగండి, డైరీ మడత పడకుండా పట్టాలి.

జిప్ మాత్రం పిల్లాడి చేతే లాగించి చూడాలి, వాడు పక్కన లేకపోతే మీరు ఒక్క చేత్తో, బ్యాగ్ పట్టుకోకుండా లాగండి, ఎక్కడా అడ్డుపడకుండా జారాలి. జిప్‌కి ఉండే లాగుడు ముక్క చిన్నదైతే దానికి ఒక పెద్ద రింగో, రంగు తాడో కట్టి ఇవ్వండి, పది రూపాయల పని, వాడికి మాత్రం చాలా సుఖం. బాటిల్ జేబు బయట పక్కన ఉండాలి, లోపల ఉంటే ఏదో ఒక రోజు డైరీ తడుస్తుంది. ట్రాలీ చక్రాల బ్యాగులు వద్దు, ఆటో ఎక్కాలన్నా మెట్లెక్కాలన్నా మళ్లీ ఎత్తుకోవాల్సిందే, చక్రాల బరువు అదనం.

ఇంకోటి, బ్యాగ్ మీద పిల్లాడి పేరు పెద్దగా ప్రింట్ చేయించి ఇవ్వడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. బయట వైపు వద్దండీ. ఎవరో తెలియని మనిషి పేరు పెట్టి పిలిస్తే ఈ వయసు పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు. పేరు, ఫోన్ నంబరు లోపలి జేబులో రాయించండి చాలు.

లంచ్ బాక్స్, బాటిల్, నా ఓటు వీటికే

ఎవరైనా నన్ను అడిగితే మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే రోజూ వాడేది, ఏడాదిలో ఒకటి పోయినా రెండోది కావాల్సి వచ్చేది. కానీ డబ్బా సెలెక్షన్ మనం అనుకున్నంత ఈజీ కాదు.

నాలుగు వైపులా క్లిప్పులుండే ప్లాస్టిక్ మూతలు పెద్దవాళ్లకే బొటనవేలు నొప్పి పుట్టిస్తాయి, పిల్లలకి అసలు రావు. గుండ్రటి స్టీల్ డబ్బాకి బిగుతు మూత ఉంటే ఇంకో తంటా, పొద్దున్నే వేడి వేడి అన్నం పెట్టి మూత బిగిస్తే లోపలి ఆవిరి చల్లారేసరికి మూత లోపలికి పీల్చుకుని అతుక్కుపోతుంది, లంచ్ టైమ్‌కి దాన్ని ఎవరూ తీయలేరు. కాబట్టి ఒకటి రెండు పెద్ద క్లిప్పులుండి, వేలితో పైకి లేపితే టక్కున వచ్చేది చూడండి. స్టీల్ గిన్నె బయట ప్లాస్టిక్ తొడుగు ఉండే రకం అయితే లోపలి గిన్నె విడిగా బయటికి రావాలి, రాకపోతే కడిగినప్పుడు నీళ్లు మధ్యలోకి దిగి కొన్నాళ్లకి వాసనొస్తుంది. స్టీల్ మీద 304 అనో, ఫుడ్ గ్రేడ్ అనో ముద్ర ఉందేమో చూడండి.

కొన్నాక ఇంట్లో లీక్ టెస్ట్ చేయకుండా ప్యాక్ చేయకండి, నీళ్లు పోసి మూత పెట్టి తలకిందులుగా ఒక పావుగంట న్యూస్ పేపర్ మీద పెట్టండి. మన పిల్లల డబ్బాలో ఉండేది శాండ్‌విచ్ కాదు కదా, పప్పన్నం, పెరుగన్నం, చారన్నం. తేడా వస్తే బ్యాగంతా పెరుగే.

సైజు విషయంలో అమ్మమ్మలతో గొడవ తప్పదు, "ఇంత చిన్నదా, వాడికి ఏం సరిపోతుంది" అంటారు. నాలుగేళ్ల పిల్లాడు ఇంట్లో తినే గిన్నె ఎంతో అంతే ఉండాలి డబ్బా. పెద్దది ఇస్తే నిండా పెడతారు, సగం వెనక్కొస్తుంది, సాయంత్రం తిట్లు వాడికి. స్నాక్స్‌కి ఇంకో బుల్లి డబ్బా కలిపి ఇస్తే అది మాత్రం మంచి సెట్. మూడు అరల క్యారియర్ ఒకటో క్లాసు దాకా అసలు ఆలోచించకండి.

బాటిల్ 400, 500 మిల్లీలీటర్లది చాలు, పల్చటి ఒంటి పొర స్టీల్‌ది. చల్లగా ఉంచే థర్మోస్ టైపు బరువు ఎక్కువ. మూత మర తిప్పి తీసేదైతే ఎక్కడో పెట్టి మర్చిపోతారు, బాటిల్‌కి అంటుకుని ఉండే మూత కావాలి. స్ట్రా ఉన్నది పిల్లలకి ఇష్టం, కానీ ఆ సిలికాన్ గొట్టంలో నల్లగా బూజు పడుతుంది, స్ట్రా బాటిల్ ఇచ్చేటట్టయితే స్ట్రా కడిగే సన్న బ్రష్ కూడా అదే ప్యాకెట్లో పెట్టి ఇవ్వండి. వాళ్లమ్మ మిమ్మల్ని తలుచుకుంటుంది.

పెన్సిళ్లు, రంగులు

ఇక్కడ తక్కువ డబ్బులోనే మంచి గిఫ్ట్ అవుతుంది, రెండు మూడొందల్లో. మూడు పలకల లావు పెన్సిల్ తీసుకోండి, మూడు వేళ్లు వాటంతట అవే కుదురుకుంటాయి, బల్ల మీంచి దొర్లిపోదు. నర్సరీ, ఎల్‌కేజీకి లావు మైనపు క్రేయాన్లు, సన్నవైతే రెండు రోజుల్లో ముక్కలు. స్కెచ్ పెన్నులు ఈ వయసుకి అనవసరం, మూత పెట్టరు, ఎండిపోతాయి, మళ్లీ మూత నోట్లో పెట్టుకునే పిల్లలకి అది గొంతులో ఇరుక్కునే ప్రమాదం. పండ్ల వాసనొచ్చే ఎరేజర్లు కూడా వద్దు, వాసన బాగుందని కొరికేస్తారు. కత్తెర మొన మొద్దుగా ఉన్నది.

బటన్లు, అద్దాలు, అయస్కాంతం మూత, లోపల బాల్ గేమ్ ఉన్న పెన్సిల్ బాక్సులంటే నాకు అస్సలు పడదు. కింద పడితే క్లాసంతా ఉలిక్కిపడే చప్పుడు, టీచర్ చెప్తుంటే వీడు బటన్లు నొక్కుతుంటాడు, వారానికి టీచర్ తీసుకుని అల్మరాలో పెట్టేస్తుంది, పిల్లాడు ఏడుస్తూ ఇంటికొస్తాడు. గుడ్డ పౌచ్, ఒకే జిప్ ఉన్నది, ఇంతే. ఏడాదికి సరిపడా అని డజన్ల కొద్దీ పెన్సిళ్లు ఇస్తే వాళ్లమ్మకి చెప్పి దాచి పెట్టమనండి, ఒకేసారి వాడి చేతికిస్తే క్లాసులో పంచేసి వస్తాడు, దానగుణం ఈ వయసులో మహా ఎక్కువ.

రెయిన్ కోటు, బూట్లు, బట్టలు

స్కూళ్లు తెరిచేదీ, రుతుపవనాలు వచ్చేదీ ఒకే నెల. అయినా రెయిన్ కోటు గిఫ్ట్ ఇచ్చేవాళ్లు చాలా తక్కువ, అందుకే ఇది రెండోసారి రాని గిఫ్ట్. వీపు వైపు బ్యాగ్ పట్టేలా ఉబ్బుగా కుట్టినవి దొరుకుతాయి, బ్యాగ్ తగిలించుకున్నాక పైనుంచి వేసుకోవచ్చు. పసుపో నారింజో రంగు తీసుకోండి, వానలో బండివాళ్లకి దూరం నుంచే కనిపిస్తాడు. టోపీకి పక్కల పారదర్శకంగా ఉంటే రోడ్డు కనిపిస్తుంది. మరీ పొడుగుది తీసుకుంటే ఆటో ఎక్కేటప్పుడు కాలికి అడ్డం పడుతుంది, ఒక్క సైజు మాత్రమే పెద్దది తీసుకోండి. గొడుగు వద్దు, పక్క పిల్లల కళ్లకి ప్రమాదం.

షూస్ సైజు తెలియకుండా కొనకండి, కొంటే వాడిని వెంటబెట్టుకుని సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి, ముందు బొటనవేలికి ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. లేసులు వద్దు, వెల్‌క్రో. బట్టలైతే ఫంక్షన్ షేర్వానీ కాకుండా నడుం ఎలాస్టిక్ ఉన్న నిక్కర్లు రెండు మూడు ఇవ్వండి, బాత్రూంకి వెళ్లినప్పుడు హుక్కు తీసుకోవడం రాక నిక్కర్లోనే పోసుకునే పిల్లలు ఎంతమందో. గిఫ్టుగా అందరి ముందూ ఇవ్వడానికి బాగుండదు అనుకుంటే ఇంకో వస్తువుతో కలిపి ఒక జత బట్టలు, డ్రాయర్లు, తడి బట్టలు వేసుకునే జిప్ కవరు పెట్టి వాళ్లమ్మ చేతికి ఇవ్వండి, "బ్యాగులో స్పేర్‌గా ఉంచు" అని. మేనమామో పిన్నో అయితేనే ఇవ్వగలిగే గిఫ్ట్ ఇది, ఆఫీసు కొలీగ్ ఇస్తే బాగోదులెండి.

పుస్తకం ఒకటి కచ్చితంగా కలపండి

ఏం కొన్నా సరే, దాంతో పాటు ఒక తెలుగు బొమ్మల కథల పుస్తకం పెట్టండి. ఇంగ్లీష్ మీడియంలో చేరాడంటే స్కూల్లో రైమ్స్ అవీ ఎలాగూ వస్తాయి, తెలుగు పుస్తకం మాత్రం ఎవరో ఒకరు ఇస్తే తప్ప ఇంట్లోకి రాదు. మూడేళ్ల వాడికి చింపలేని అట్ట పేజీలవి, నాలుగైదేళ్ల వాడికి పేజీకి ఒకటి రెండు లైన్లు, పెద్ద అక్షరాలు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లు, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, ఇంగ్లీష్ తెలుగు రెండూ పక్కపక్కనే ఉండేవైతే చెన్నైలోని తూలిక వాళ్లు పిల్లల కోసం తెలుగులో వేస్తారు, వీటిల్లో చాలా పుస్తకాలు కాఫీ టిఫిన్ ఖర్చు కంటే తక్కువే. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తకాల పండగ జరుగుతాయి, అప్పుడే నాలుగైదు కొని ఇంట్లో పెట్టుకుంటే జూన్‌లో వెతుక్కోవక్కర్లేదు. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ సైట్లో కథలు ఫ్రీగా డౌన్‌లోడ్ చేసి కలర్ ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించినా బ్రహ్మాండంగా ఉంటుంది, చేతిలో డబ్బు లేనప్పుడు దీన్ని మించింది లేదు.

"వెయ్యి బొమ్మలతో అన్నీ ఒకే పుస్తకంలో" అనేవి వద్దు, పండ్లు కూరగాయలు వాహనాలు వరసగా ఉంటాయి, రెండో రోజు నుంచి ముట్టుకోడు. కథ ఉండాలి. ఇచ్చిన రోజే వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి మీరే చదివి వినిపించండి, గొంతు మార్చి, పులి వచ్చినప్పుడు పులిలా. దూరంగా ఉంటే వీడియో కాల్‌లో అయినా.

బొమ్మలే ఇస్తానంటే

ఇవ్వండి, స్కూల్ నుంచి అలసిపోయి వచ్చిన పిల్లాడు ఆడుకోవాలి కదా. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మల మీద ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి, డబ్బా మీద అది వెతకండి, ఎగ్జిబిషన్లలో, సిగ్నల్స్ దగ్గర అమ్మేవాటి మీద ఉండదు. బటన్ బ్యాటరీ వేసే బొమ్మ అయితే బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడాల్సిందే. ఆ బిళ్ల మింగితే రెండు గంటల్లోనే ఆహార నాళం కాలిపోవడం మొదలవుతుంది, అలా జరిగితే ఇంట్లో వైద్యాలు చేయకుండా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి. బుల్లి అయస్కాంతం గోళీల సెట్లు కూడా అంతే, రెండు మింగితే పేగుల మధ్య ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంట్లో చెల్లో తమ్ముడో పాకే వయసులో ఉంటే చిన్న చిన్న ముక్కలున్నవి ఏవీ వద్దు, అన్నకిచ్చినవన్నీ చివరికి వాళ్ల నోట్లోకే వెళ్తాయి.

మన దగ్గర తయారయ్యేవి ఇవ్వాలనుకుంటే ఏటికొప్పాక బొమ్మలు చూడండి, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు, అంకుడు కర్రని లేత్ మీద తిప్పి, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పూస్తారు, 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకమైన వస్తువు అని ఇచ్చేది) వచ్చింది. మూలలు లేకుండా నున్నగా గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఆడుకోవడానికి బాగుంటాయి, బొంగరాలు, లాగుడు బళ్లు, లక్కపిడతలు. ప్రభుత్వం దగ్గర నమోదైన చేతివృత్తుల వాళ్లకి, జీఐ వస్తువులకి ఐఎస్ఐ రూల్ నుంచి మినహాయింపు ఉంది, దాని మీద మార్క్ లేదని కంగారు పడకండి. కొండపల్లి బొమ్మలు మాత్రం ఆడుకునేవి కాదు, తెల్ల పొణికి కర్ర తేలిక, విడివిడి ముక్కలు అతికించి చేస్తారు, పిల్లాడి చేతిలో దశావతారాల సెట్ సాయంత్రానికి మత్స్యావతారం దగ్గరే ఆగిపోతుంది. షోకేసులో పెట్టుకోవడానికి వాళ్ల నాన్నకి ఇవ్వండి కావాలంటే. రెండూ లేపాక్షి షోరూముల్లో దొరుకుతాయి.

మగపిల్లాడు కదా అని కార్లూ తుపాకులే కొనక్కర్లేదు. లక్కపిడతలు ఇస్తే నాలుగేళ్ల మగపిల్లలు ఎంత శ్రద్ధగా వంట చేస్తారో చూస్తే మీకే తెలుస్తుంది, రేపు హాస్టల్లో ఉన్నప్పుడు ఎలాగూ చేసుకోవాలి. బిల్డింగ్ బ్లాక్స్, పాతిక ముక్కల లోపు పజిల్, మంచి రబ్బరు బంతి, గోడకి తగిలించే నల్లబల్ల, ఆరేళ్ల వాడైతే వైకుంఠపాళి, ఇవన్నీ ఎప్పుడూ ఫెయిలవ్వవు. ట్యాబ్ మాత్రం తల్లిదండ్రుల్ని అడగకుండా ఇవ్వకండి, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించి స్క్రీన్ వద్దని డబ్ల్యూహెచ్ఓ 2019లోనే చెప్పింది, మీరు ఇచ్చి వెళ్లిపోతారు, రోజూ లాక్కునేది వాళ్లమ్మ.

అమెరికాలో ఉన్న అన్నయ్య కొడుక్కి పంపాలంటే, అక్కడ ఐదేళ్లకి కిండర్‌గార్టెన్, చాలా చోట్ల ఆగస్టులో మొదలు, స్కూల్ వాళ్లే సామాన్ల లిస్ట్ ఇస్తారు. ఇక్కడి నుంచి బ్యాగూ బాటిలూ మోయడం దండగ, నాలుగు తెలుగు పుస్తకాలు, రెండు ఏటికొప్పాక బొంగరాలు సూట్‌కేసులో ఏ మూల పెట్టినా పడతాయి.

డబ్బే ఇవ్వాలనుకుంటే

కవర్లో 516, 1116 పెట్టి ఇవ్వడం తప్పేం కాదు, ఫీజులు కట్టే నెలలో ఎవరికైనా అదే అవసరం. ఆడపిల్లలకి సుకన్య సమృద్ధి పొదుపు పథకం ఉంది, మగపిల్లాడికి ఏముంది అని అడుగుతుంటారు, పిల్లాడి పేరు మీద పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా తెరవొచ్చు, ఏడాదికి కనీసం 500 వేస్తే చాలు, 15 ఏళ్ల స్కీము. తెరవాల్సింది అమ్మో నాన్నో, మామయ్య తెరవలేడు, కాబట్టి ఖాతా ఉందా అని అడిగి అందులో వేయమని డబ్బులివ్వండి. పిల్లాడి చేతికి మాత్రం కవర్ ఇచ్చి ఊరుకోకండి, వాడికి అది కాగితమే, దాంతో పాటు ఒక మట్టి హుండీ, పది రూపాయి బిళ్లలు ఇస్తే వాడి గిఫ్ట్ వాడికి ఉంటుంది. పాకే పిల్లలున్న ఇల్లయితే ఆ హుండీ పైన ఎక్కడైనా పెట్టమని చెప్పండి.

ఇచ్చేటప్పుడు

పది రోజుల ముందు ఇవ్వమన్నాను కదా, ఆ పది రోజులూ ప్రాక్టీస్ కోసం. రోజూ మధ్యాహ్నం అన్నం కొత్త డబ్బాలోనే పెట్టమనండి, కింద కూర్చుని వాడే మూత తీసి, తిని, మూత పెట్టి, బ్యాగులో పెట్టాలి. బాటిల్ కూడా అంతే. రెయిన్ కోటు వేసుకుని బాత్రూంలో షవర్ కింద నిలబడితే వాడికి అదో పండగ. మొదటి రోజు స్కూల్లో అమ్మ ఉండదు, క్లాసు కొత్త, టీచర్ కొత్త, కనీసం డబ్బా అయినా పాతది అవ్వాలి కదా.

"ఏడవకుండా వెళ్తేనే ఇస్తా" అనే షరతు మాత్రం పెట్టకండి. మొదటి వారం ఏడుస్తారు, ఏడవనివ్వండి, దానికీ గిఫ్టుకీ ముడి పెడితే ఏడ్చినందుకు బ్యాగ్ పోతుందేమో అని ఇంకో భయం పట్టుకుంటుంది.

బిల్లు పారేయకుండా వాళ్లమ్మకి ఇచ్చేయండి, సైజు మార్చుకోవాలంటే కావాలి. ధర స్టిక్కర్ పీకేయండి. డబ్బా, మూత, బాటిల్, పౌచ్, రెయిన్ కోటు లోపల, ప్రతి దాని మీదా చెరగని మార్కర్‌తో పేరు రాసి ఇవ్వండి, మూత మీద విడిగా, గిన్నె మీద విడిగా, ఎందుకంటే క్లాసులో అలాంటి డబ్బాలు ఇంకో ఐదుంటాయి, మూతలు తారుమారవుతాయి. ఇంట్లో ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే వాళ్లకీ ఒక చిన్న బంతో, క్రేయాన్ల డబ్బానో తీసుకెళ్లండి, లేకపోతే మీరు గుమ్మం దాటేలోపే కొత్త బ్యాగ్ కోసం ఇద్దరూ జుట్లు పట్టుకుంటారు.